ప్యాకెట్ మోసిన సరిహద్దు

ఢిల్లీ పాలంలోని భారత వాయుసేన మ్యూజియంలో ఏ విమానం కప్పు కింద ఉంది, ఏది ఆరుబయట ఎండకూ వానకూ నిలబడి ఉంది అన్నది గమనించదగ్గ విషయం. హ్యాంగర్ లోపల వాపిటీ, హరికేన్, స్పిట్‌ఫైర్, వాంపైర్ వంటివి ఒదిగి ఉంటాయి. ఇవి చిన్నవి, కప్పు కింద ఇమిడేవి. బయట ఫెయిర్‌చైల్డ్ సీ-119 ఉంటుంది. రెక్కలు చాపుకోవడానికే దానికి 33 మీటర్ల జాగా కావాలి. మన వాయుసేనలో దాన్ని ప్యాకెట్ అనే పిలిచారు. దాని రెండు ఇంజన్ల వెనక నుంచి రెండు పొడవాటి దూలాలు సాగి తోక దగ్గర కలుస్తాయి. వాటి నడుమ ఉన్న మధ్యభాగం నిజానికి ఒక పెద్ద పెట్టె. చూపు తిప్పుకోనివ్వని అందం దానికి లేదు. దాన్ని బయట ఉంచడంలో ఎవరి చిన్నచూపూ లేదు, అంత పెద్ద విమానానికి అంత పెద్ద కప్పు వేయడం కష్టం. కానీ ఈ అమరికతో మనకు తెలియకుండానే ఒక వరస మనసులో నాటుకుంటుంది: పోరాడిన విమానాలు ముందు, మూటలు మోసిన విమానాలు తర్వాత. మన ఉత్తర సరిహద్దు చరిత్రకు ఈ వరస సరిపోదని నా వాదన. 1947 నుంచి 1962 వరకు హిమాలయాల్లో భారత ప్రభుత్వం ఎంతవరకు వెళ్లగలిగింది, ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ దెబ్బతింది అనే ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ రవాణా విమానాల పెట్టెలోనే దొరుకుతుంది. ఆ విమానం సైన్యానికి పక్కన నిలిచిన సహాయకుడు కాదు. ఢిల్లీలో జరిగిన నిర్ణయాలకు ధైర్యం ఇచ్చిందీ, ఆ నిర్ణయాలకు హద్దు గీసిందీ అదే.

ముందు ఆ యంత్రం సంగతి. దానికి ముందు తరం రవాణా విమానమైన డకోటాకు తలుపు పక్కన ఉంటుంది, పైగా నేల మీద నిలబడినప్పుడు అది తోక మీద కూర్చుని ఉంటుంది. కాబట్టి సరుకును వాలుగా ఉన్న నేల మీద పైకి నెట్టుకుంటూ ఎక్కించాలి. ప్యాకెట్‌ను రూపొందించినవాళ్లు ఈ ఇబ్బందిని తీర్చారు. మూడు చోట్ల ఉన్న చక్రాల మీద అది సమంగా నిలబడుతుంది, లోపలి నేల లారీ తొట్టి ఎత్తుకు సరిపోతుంది, వెనక భాగం రెండు తలుపులుగా విచ్చుకుంటుంది. లారీని వెనక్కు తెచ్చి ఆనిస్తే సరుకు నేరుగా లోపలికి పోతుంది. డకోటాలో 28 మంది సైనికులు పడితే ఇందులో 60 మందికి పైగా పడతారు. గాలిలో నుంచి పెద్ద బరువులు వదలాలంటే వెనక తలుపుల్ని ఊడదీసే బయలుదేరేవారు. దీని సత్తా ఏమిటో 1950 డిసెంబరులో కొరియా చూసింది. చోసిన్ జలాశయం దగ్గర చిక్కుకున్న అమెరికన్ సేనలు వెనక్కు రావాల్సిన కొండదారిలో వంతెన కూలిపోయింది. ఒక్కొక్కటి టన్నుకు పైగా బరువున్న ఎనిమిది ఉక్కు వంతెన భాగాల్ని సీ-119లు పారాచూట్లతో దించాయి. ఒకటి దెబ్బతింది, ఒకటి చైనీయుల చేతికి చిక్కింది, మిగిలినవాటితో వంతెన కట్టి వేలమంది దాటి వచ్చారు. రోడ్డు తెగినచోట రోడ్డు ముక్కనే ఆకాశం నుంచి తెచ్చి అతికించవచ్చని ఆ రోజు రుజువైంది. ఆ రుజువులో ఒక ప్రమాదకరమైన ఆశ కూడా దాగి ఉంది. దాని ఫలితాన్ని వేరే దేశాలు తర్వాత అనుభవించాయి.

మన దగ్గర ఈ కథ ప్యాకెట్ కన్నా ముందే, డకోటాతో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిన డకోటాలు దేశమంతటా తిరిగేవి. బేగంపేట నుంచి నడిచిన నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ప్రయాణికులను మోసింది వాటితోనే. 1947 అక్టోబరు 26న కశ్మీర్ మహారాజు విలీన పత్రంపై సంతకం చేస్తే, మర్నాడు ఉదయమే ఢిల్లీ నుంచి డకోటాలు ఒకటవ సిఖ్ బెటాలియన్‌ను శ్రీనగర్‌లో దించాయి. ఆ దళానికి నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ అదే రోజు బారాముల్లా వైపు పోరులో ప్రాణాలు వదిలారు. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని లేహ్‌లో డకోటాను దించారు. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేని విమానం, మార్గానికి సరైన పటం లేదు, దిగాల్సిన చోటు 10 వేల అడుగులకు పైన. ఆ దిగుడుబాటను స్థానికుల చేత చదును చేయించినది సోనమ్ నోర్బూ అనే లద్దాఖీ ఇంజనీరు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. లద్దాఖ్‌కు భారత ప్రభుత్వం రోడ్డు మీద వెళ్లలేదు, విమానంలో వెళ్లింది. రోడ్డు తర్వాత వచ్చింది, అదీ చాలా ఆలస్యంగా. సరిహద్దు రహదారుల సంస్థ పుట్టిందే 1960 మేలో. శ్రీనగర్ నుంచి లేహ్‌కు బండి పోయే బాట 1960ల మొదట్లో గానీ ఒక రూపానికి రాలేదు, వచ్చాక కూడా జోజీలా కనుమ మంచుతో ఏటా నెలల తరబడి మూతపడేది.

ఈ నేపథ్యంలో 1954లో ప్యాకెట్లు వాయుసేనకు వచ్చాయి. మైదానంలో అది బాగా బరువు లాగే విమానం. పర్వతాల మీద లెక్క వేరు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. 16 వేల అడుగుల పైన గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 60 శాతమే. రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కు ఊపిరి తగ్గుతుంది. నేల వదలడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి, ఒక ఇంజన్ ఆగితే లోయలో వెనుదిరగడానికి చోటుండదు. కాబట్టి ఎక్కిన ప్రతి వెయ్యి అడుగులకూ మోయగల బరువులో కొంత కోల్పోవాలి. ఈ లోటు పూడ్చడానికే ప్యాకెట్ల నడినెత్తిన అదనంగా ఒక జెట్ ఇంజన్‌ను అమర్చారు. రెండు పిస్టన్ ఇంజన్లకు తోడు ఆ మూడోది టేకాఫ్‌లో, ఎత్తుల్లో ఊతమిచ్చేది. ఈ విమానంలో చూడాల్సిన భాగమేదని అడిగితే నేను ఆ నడినెత్తి ఇంజన్‌నే చూపిస్తాను. అమెరికాలో తయారైన విమానం కాబట్టి దీన్ని మన చరిత్రగా చెప్పుకోవడం ఎందుకనే ప్రశ్న ఉంది. విమానం తయారైన చోటు అమెరికా కావచ్చు, కానీ దాన్ని వాడిన ఎత్తులు దాన్ని రూపొందించినవాళ్ల ఊహలో లేవు. 1962 జూలై 23న స్క్వాడ్రన్ లీడర్ సీ.కే.ఎస్. రాజే కారాకోరం కనుమ దగ్గర దౌలత్ బేగ్ ఓల్డీలో ప్యాకెట్‌ను దించారు. ఆ నేల ఎత్తు 16,600 అడుగులు. అంత ఎత్తున ఒక రవాణా విమానం దిగడం, సరుకు దించి మళ్లీ ఎగరడం అప్పటికి ఎక్కడా మామూలు సంగతి కాదు.

ఆ తేదీని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. జూలై 1962 అంటే ముందడుగు విధానం జోరుగా నడుస్తున్న నెల. 1961 నవంబరులో తీసుకున్న ఆ నిర్ణయం ప్రకారం, మనది అనుకున్న భూభాగంలో వీలైనంత ముందుకు వెళ్లి చిన్న చిన్న కాపలా స్థావరాలు పెట్టాలి. ఆ స్థావరాలకు బియ్యం, కిరోసిన్, తూటాలు, చలికోట్లు ఎలా అందాలి? చైనా వైపు షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు అక్సాయ్ చిన్ మీదుగా 1957లోనే లారీలు నడిచే రోడ్డు సిద్ధమైంది. మన వైపు రోడ్డు లేదు, గుర్రాలూ కూలీలూ మోసే దారులున్నాయి. మనిషి మోసే దారిలో ఒక చిక్కు ఉంటుంది: దారి పొడవు పెరిగేకొద్దీ మోసేవాడు తన మూటలోంచే తాను తినాలి, కొన్ని రోజుల నడక దాటాక గమ్యం చేరేది దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి ఆ స్థావరాలు నిలబడటానికి ఆకాశం ఒక్కటే ఆధారమైంది. గల్వాన్ లోయ దీనికి నిలువెత్తు సాక్ష్యం. 1962 జూలైలో గూర్ఖా సైనికులు అక్కడ స్థావరం పెట్టారు. కొద్ది రోజుల్లోనే చైనా సేనలు వాళ్లను చుట్టుముట్టాయి. నేల మీది దారి మూసుకుపోయింది. మూడు నెలల పాటు ఆ స్థావరం ఆకాశ మార్గంలోనే బతికింది. అక్టోబరు మొదట్లో గూర్ఖాల బదులు జాట్ దళాన్ని చేర్చింది కూడా హెలికాప్టర్లలోనే. అక్టోబరు 20న ఆ స్థావరం పడిపోయింది. విమానం లేకపోతే ఆ స్థావరం పుట్టేదే కాదు. దాన్ని పుట్టించగలిగిన విమానం దాన్ని కాపాడలేకపోయింది. 1962 చైనా యుద్ధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండు మాటల్నీ కలిపి పట్టుకోవాలి.

ఇది మన ఒక్కరి పొరపాటూ కాదు. మనకు ప్యాకెట్లు వచ్చిన 1954లోనే వియత్నాంలో డియెన్ బియెన్ ఫూ కథ ముగిసింది. రోడ్డు లేని లోయలో ఫ్రెంచివాళ్లు ఒక పెద్ద దుర్గం పెట్టి విమానాలే దాన్ని పోషిస్తాయని నమ్మారు. మార్చి చివరికల్లా ఫిరంగి దెబ్బలకు దిగుడుబాట పనికిరాకుండా పోయింది, ఆ తర్వాత పారాచూట్లే గతి. అమెరికా ఇచ్చిన సీ-119లను అమెరికన్ పౌర పైలట్లు నడిపారు. దుర్గం విస్తీర్ణం రోజురోజుకూ కుంచించుకుపోతుంటే వదిలిన మూటలు శత్రువుల కందకాల్లోనే పడేవి. దుర్గం లొంగిపోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, మే 6న, జేమ్స్ మెక్‌గవర్న్ నడుపుతున్న సీ-119 కూలి ఆయన చనిపోయారు. ఎనిమిదేళ్ల తర్వాత ఈశాన్యంలో, నామ్‌కా చూ వాగు ఒడ్డున, అదే పాఠాన్ని మన సైన్యపు ఏడవ బ్రిగేడ్ తన ప్రాణాలతో చదివింది. దానికి సరుకు అందే ముఖ్యమైన చోటు త్సాంగ్‌ధార్ అనే చిన్న మెట్ట. చుట్టూ నిటారు లోయలు. కాస్త అటూ ఇటూ అయితే మూట లోయలోకి పోతుంది, పోయినదాన్ని వెతికి తెచ్చే బలగం లేదు. విమానాలు తమ పని చేశాయి, పైలట్లు ఆ లోయల్లోకి మళ్లీ మళ్లీ దూరారు. వదిలిన బరువు ఒకటి, సైనికుడి చేతికి అందిన బరువు ఒకటి. ఢిల్లీ కాగితాల మీద కనిపించింది మొదటిదే. అక్టోబరు 20న చైనా దాడి జరిగినప్పుడు ఆ బ్రిగేడ్‌కు కావలసినన్ని తూటాలూ లేవు, చలి దుస్తులూ లేవు. దాని నాయకుడు బ్రిగేడియర్ జాన్ దల్వీ బందీగా చిక్కారు.

మ్యూజియంలో కప్పు కింద ఉన్న వరస గురించి మొదట అన్నది ఇప్పుడు ఆలోచించాలి. 1962లో భారత వాయుసేన పోరాట విమానాలు శత్రువు మీద దాడికి ఎగరలేదు. నగరాల మీద ఎదురుదాడి జరుగుతుందనే భయంతో ప్రభుత్వం వాటిని వాడలేదు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని నేటికీ వాదిస్తున్నారు, ఆ వాదనలో దిగడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. జరిగినది మాత్రం ఇది: ఆ యుద్ధంలో వాయుసేన తరఫున రోజూ ప్రాణాలకు తెగించినవి డకోటాలు, ప్యాకెట్లు, యాన్-12లు, హెలికాప్టర్లు. ఈశాన్యంలో వాటికి తోడుగా బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ డకోటాలు కూడా సరుకు వదిలాయి. అవి పోరాట విమానాలు కావు. ఆ యుద్ధంలో మనం నిలబెట్టుకున్న ముఖ్యమైన చోట్లలో చుషూల్ ఒకటి. దాని వెనకా రవాణా విమానమే కనిపిస్తుంది. అప్పుడే సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన యాన్-12లు అక్టోబరు 25న ఏఎంఎక్స్-13 తేలికపాటి ట్యాంకుల్ని 14 వేల అడుగుల ఎత్తున్న చుషూల్‌లో దించాయి. దాని దగ్గరి రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ దళం దాదాపు చివరి మనిషి వరకూ పోరాడిన గుండె ధైర్యానికి ఏ విమానమూ సాటి రాదు. అయినా చుషూల్ మనదిగా మిగలడంలో ఆ ట్యాంకులకూ, వాటిని తెచ్చిన పెట్టెకూ వాటా ఉంది. నవంబరు 19న నెహ్రూ అమెరికా అధ్యక్షుడు కెనడీకి రాసిన ఉత్తరాల్లో 12 స్క్వాడ్రన్ల సూపర్‌సోనిక్ యుద్ధ విమానాలను కోరారు. వచ్చినవి అవి కావు, సీ-130 రవాణా విమానాలు. ఆ తర్వాతి వారాల్లో లద్దాఖ్‌కు మనుషులనూ సామగ్రినీ చేర్చడంలో అవే అక్కరకొచ్చాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. 1962లో ఓడిపోవడానికి రాజకీయ అంచనాల తప్పు, సైనిక నాయకత్వం లోపం, నిఘా వైఫల్యం కారణాలు. విమానం పాపం ఏం చేసింది, అది ఒక పనిముట్టు, దాన్ని చరిత్రకు కారణంగా నిలబెట్టడం అతిశయం కాదా అని. తప్పులు మనుషులవే అన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ మనిషి తప్పు ఎప్పుడూ చేతిలో ఉన్న పనిముట్టు కొలతలోనే జరుగుతుంది. ముందడుగు విధానాన్ని 1950లో ఎవరైనా ప్రతిపాదించి ఉంటే సరుకు ఎలా పంపుతారని అడిగిన మొదటి ప్రశ్న దగ్గరే అది ఆగిపోయేది. 1961లో ఆ ప్రశ్నకు ప్యాకెట్ రూపంలో ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఆ జవాబులో సగమే నిజమని తెలియడానికి యుద్ధం రావాల్సి వచ్చింది. విమానం వంద మందిని మైళ్ల దూరాన బతికించగలదు. దాడి వచ్చినప్పుడు వాళ్ల వెనక వేలమందిని, ఫిరంగుల్ని, గుండ్లను వరసగా నిలబెట్టగలిగేది రోడ్డు. దారి తెరిచి ఉన్నంతకాలం లారీ మబ్బులు చూసుకోకుండా, రాత్రీ పగలూ, ఒకదాని వెనక ఒకటిగా వస్తుంది. మబ్బు పడితే విమానం ఆగుతుంది. 1962లో చైనా వైపు లారీ ఉంది, మన వైపు విమానం ఉంది. రెండు దేశాల సైనికుల ధైర్యంలో తేడా కన్నా ఈ తేడానే ఫలితాన్ని ఎక్కువగా రాసిందని నా అభిప్రాయం. ప్యాకెట్‌ను నిందించడం కాదిది. అది చేయగలిగినదానికన్నా ఎక్కువ దాని నుంచి ఆశించినవాళ్ల లెక్కను సరిగా చదవడం.

ఈ విమానాలు తీసుకున్న ప్రాణాల మాట కూడా చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కుతాం. సరుకు చేరవేసే పనిలో, శాంతికాలంలో, చెడు వాతావరణంలో పోయినవాళ్ల జ్ఞాపకం చాలా పలచగా మిగులుతుంది. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరిన ఒక యాన్-12 వాతావరణం బాగాలేక వెనుదిరిగింది. రోహతంగ్ ప్రాంతంలో మాయమైంది. అందులో 102 మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సెలవు ముగించుకుని విధుల్లో చేరడానికి వెళ్తున్న సైనికులు. ముప్పై అయిదేళ్ల తర్వాత, 2003లో, పర్వతారోహకులకు మంచులో మొదటి ఆనవాళ్లు దొరికాయి. 2024లో కూడా మరికొందరి దేహాలు దొరికాయి. అంటే ఆ కుటుంబాలు కొన్ని అర్ధశతాబ్దం పైగా ఎదురుచూశాయి. సరిహద్దును విమానంతో పట్టుకోవడానికి దేశం చెల్లించిన మూల్యంలో ఇదొక భాగం. రవాణా విమానాన్ని ప్రమాదం లేని వెనక వరసగా ఊహించుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరో అభ్యంతరం వర్తమానం నుంచి వస్తుంది. ఇప్పుడు దౌలత్ బేగ్ ఓల్డీకి దర్బుక్ నుంచి 255 కిలోమీటర్ల రోడ్డు ఉంది, ప్యాకెట్ కాలం పోయింది, అది ముగిసిన అధ్యాయం అని. నిజమే, 1966లో భూకంపానికి నేల వదులై దౌలత్ బేగ్ ఓల్డీ దిగుడుబాట మూతపడింది. నాలుగు దశాబ్దాలకు పైగా దాటాక, 2008 మే 31న యాన్-32, 2013 ఆగస్టు 20న సీ-130జె అక్కడ దిగాయి. రోడ్డు వచ్చింది. అయినా 2020లో గల్వాన్‌లో ఘర్షణ జరిగాక ఏం చేశాం? వాయుసేన 68 వేలకు పైగా సైనికుల్ని, 90 దాకా ట్యాంకుల్ని తూర్పు లద్దాఖ్‌కు విమానాల్లోనే చేర్చింది. ఈసారి విమానం వెనక రోడ్డు కూడా ఉంది. విమానం వేగాన్ని ఇచ్చింది, రోడ్డు నిలకడను ఇచ్చింది. 1962లో ఆ రెండో సగం లేదు. కాబట్టి పాలంలో ఆరుబయట ఉన్న ప్యాకెట్ దగ్గర పేరు, తయారీదారు, ఇంజన్ శక్తి, రెక్కల పొడవు రాసి ఊరుకుంటే చాలదు. అది ఎగిరిన ఎత్తులు, దింపిన చోట్లు, ఆ చోట్లకు రోడ్డు పడిన సంవత్సరాలు ఒక పటం మీద పక్కపక్కన వేసి పెట్టాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 నిఘా విమానం లోపలికి జనం నడిచి వెళ్లి చూస్తున్నారు, ఇంత పెద్ద విమానాన్ని బయట ఉంచినా దాని కథను విడమరచి చెప్పవచ్చని అక్కడ తెలుస్తుంది. ప్యాకెట్‌కూ అలాంటి వివరణ దక్కాలి. దౌలత్ బేగ్ ఓల్డీ అన్న పేరు పక్కన మొదటి విమానం 1962 అని, రోడ్డు దానికి దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత అని ఒక్క పంక్తి ఉంటే, బడి పిల్లలు కూడా ఆ విమానం ముందు నిలబడి సరైన ప్రశ్న అడుగుతారు: ఆ మధ్య కాలమంతా అక్కడి సైనికుడికి అన్నం ఎలా అందింది?